తలుపు ఆయనకు, డైనింగ్ టేబుల్ మీకు

ఒక తల్లి రాసిన ఈ ఉత్తరం 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా, హైదరాబాద్‌లో నిజాంపేట వైపు నుంచి వచ్చింది. పిల్లలు పడుకున్నాక రాత్రి పన్నెండున్నరకు ఫోన్‌లో టైప్ చేసి పంపారు, మధ్యలో రెండుచోట్ల వాక్యం సగంలో ఆగిపోయింది కూడా. చాలా పెద్ద ఉత్తరం. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి క్లుప్తంగా చెప్తాను.

భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ఆయన సాఫ్ట్‌వేర్. ఈవిడ ఒక కంపెనీలో పేరోల్, అంటే జీతాల లెక్కలు చూస్తారు, నెలాఖరు వచ్చిందంటే ఊపిరాడదు. మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. పాపకు ఆరేళ్ళు, యూకేజీ అయింది. బాబుకు మూడు నిండాయి. ఉగాదికని మార్చి 19న రాజమండ్రి నుంచి వచ్చిన అత్తగారు రైళ్ళు ఆగిపోవడంతో ఇక్కడే ఉండిపోయారు. ఆవిడకు 67, షుగరు, మోకాళ్ళ నొప్పులు. వస్తూ వస్తూ ఐదు కేజీల కొత్త చింతపండు తెచ్చారట, గింజ కూడా తీయనిది, అది బస్తాలో బాల్కనీలో అలాగే పడి ఉంది, "చూసినప్పుడల్లా ఇదొక పని నాకు అనిపిస్తుంది" అని రాశారు. పనమ్మాయిని రావద్దన్నారు, జీతం మాత్రం ఇస్తున్నారు.

మొదటి పది పన్నెండు రోజులు సెలవుల్లా గడిచాయట. దుప్పట్లతో ఇల్లు కట్టారు, కుక్కర్లో కేకు చేశారు, ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి లైట్లు ఆర్పి బాల్కనీలో దీపాలు పెట్టారు. ఇప్పుడు నెల దాటింది. లాక్‌డౌన్ మే 3 దాకా అనుకున్నది మన తెలంగాణలో మే 7 అయింది. ఆయన బెడ్‌రూములో తలుపు వేసుకుని కాల్స్ మాట్లాడుకుంటారు. తలుపు కొట్టొద్దని పిల్లలకు ఆర్డరు. చిన్నోడు ఆ తలుపు దగ్గరే కూర్చుని ఏడుస్తాడు. ఈవిడ హాల్లో డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, పక్కన కుక్కరు, కాళ్ళ దగ్గర పిల్లలు. స్కూలువాళ్ళు వాట్సాప్‌లో వర్క్‌షీట్లు పంపుతున్నారు. గంట ఉండే ఫోన్ ఐదు గంటలయింది. లాక్కుంటే చిన్నోడు తల నేలకేసి కొట్టుకుంటున్నాడు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టాడు. కింది ఫ్లాటువాళ్ళు గోల అని మూడుసార్లు ఇంటర్‌కామ్ చేశారు. టెర్రస్‌కు అసోసియేషన్ తాళం వేసింది. ఇవి చాలక తల్లుల గ్రూపులో ఎవరో రోజుకో క్రాఫ్టు ఫొటో పెడుతున్నారు.

పోయిన వారం మేనేజరుతో వీడియో కాల్‌లో ఉండగా పాప వచ్చి చెయ్యి లాగితే, కాల్ అయ్యాక వీపు మీద గట్టిగా కొట్టారు. పాప ఏడవలేదు, సారీ చెప్పింది. మర్నాడు ఈవిడ మళ్ళీ కాల్‌లో ఉన్నప్పుడు చూస్తే పాప తమ్ముడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి గట్టిగా మూసి పట్టుకుంది. అది చూసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదని రాశారు. ఆ రాత్రే పాప అడిగిందట, "అమ్మా, కరోనా వస్తే నానమ్మ చచ్చిపోతుందా" అని.

చివరికి ఆవిడ అడిగింది మాత్రం ఒక్కటే: "పిల్లల్ని రోజంతా ఎంగేజ్ చేయడానికి ఇంట్లో ఉన్నవాటితోనే ఒక యాభై యాక్టివిటీలు చెప్పండి."

* * *

అమ్మా, యాభై చెప్పను. యాభై నా దగ్గర లేవు, ఉన్నా మీరు చెయ్యలేరు. ఒక్కో దానికి పది నిమిషాలు సర్దడం, పదిహేను నిమిషాలు ఆడించడం, ఇరవై నిమిషాలు తుడవడం. అవన్నీ చెయ్యడానికి మీకు ఇంకో మీరు కావాలి. నాలుగైదు చెప్తాను, అవీ కాసేపాగి. ముందు మీ ఉత్తరం సంగతి.

నేను దాన్ని మూడుసార్లు చదివాను. 'తలుపు' అనే మాట అందులో నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ అది ఆయన తలుపే. మీకు తలుపు లేదు. మీ ఉద్యోగం హాల్లో జరుగుతోంది, హాలంటే వంటింటికి దారి, బాల్కనీకి దారి, బాత్రూముకు దారి. పిల్లలు ఆయన్ని డిస్టర్బ్ చెయ్యకూడదు, మిమ్మల్ని చెయ్యొచ్చు, ఇది ఎవరూ నోటితో చెప్పని రూలు, కానీ మూడేళ్ళవాడికి కూడా అర్థమైపోయింది. ఆయన చెడ్డవాడని నేను అనట్లేదు, మీరూ అనలేదు. మార్చి 23నో 24నో హడావుడిగా ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఎవరు ఎక్కడ కూర్చుంటే అది అలా ఖాయమైపోయింది. రెండు వారాలకని చేసుకున్న ఏర్పాటు ఐదో వారంలో కూడా నడుస్తోంది, అంతే. పిల్లల్ని ఎలా ఆడించాలి అని మీరు అడుగుతున్నారు గానీ, ఎవరు ఎప్పుడు చూసుకోవాలి అన్నది తేలకపోతే ఏ ఆటా పనిచెయ్యదు.

తేల్చుకోవడానికి నాకు కనిపించే దార్లు మూడు, మూడింటికీ ఖర్చుంది.

గది మార్చుకోవడం ఒకటి. పొద్దున పూట గది మీది, మధ్యాహ్నం నుంచి ఆయనది, ఎవరు హాల్లో ఉంటే పిల్లలు వాళ్ళవి. విదేశీ క్లయింటయితే ఆయన కాల్స్ ఎలాగూ సాయంత్రమే ఎక్కువ ఉంటాయి. ఖర్చేమిటంటే, మొదటి వారం ఆయన పని దెబ్బతింటుంది, ఆయన కాల్‌లో కూడా వెనక నుంచి ఏడుపు వినిపిస్తుంది, ఆయనకు చిరాకు వస్తుంది, ఆ చిరాకు మీ మీదికి రావచ్చు. ఇంకొకటి, పిల్లలు నాన్న దగ్గర ఉన్నా మీ తలుపు కొడతారు. అప్పుడు మీరు తియ్యకూడదు. ఇది మీకే కష్టం, ముందే చెప్తున్నా.

రెండోది గది జోలికి పోకుండా రోజును ముక్కలు చేసుకోవడం. మీరు ఐదింటికి లేచి ఎనిమిది దాకా ఎవరూ లేవని టైములో పేరోల్ పని, లెక్కల పని, తల పెట్టాల్సిన పనంతా అవగొట్టడం, పగలు మెయిళ్ళూ ఫోన్లూ మాత్రమే పెట్టుకోవడం. చాలామంది తల్లులు ఇదే చేస్తున్నారు. గొడవ ఉండదు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, అందుకే చేస్తున్నారు. కానీ మీరు పడుకునేది పన్నెండున్నర దాటాక. నాలుగున్నర గంటల నిద్రతో వారం లాగగలరు, నెల లాగలేరు, మధ్యలో ఎక్కడో చెయ్యి లేస్తుంది. ఇప్పటికే ఒకసారి లేచింది. ఈ దారి పట్టేట్టయితే రాత్రి వంటిల్లు సర్దడం ఆయనకు ఇచ్చేసి మీరు తొమ్మిదిన్నరకు పడుకోవాలి. లేకపోతే వద్దు.

మూడోది ఆఫీసుకు చెప్పడం. మీ మేనేజరుకు పిల్లలున్న సంగతి తెలుసు, కానీ రోజుకు ఎన్ని గంటలు మీరు నిజంగా పని చెయ్యగలరో తెలియదు, ఎందుకంటే మీరు చెప్పలేదు. 'పొద్దున పదకొండు నుంచి పన్నెండు వరకు కాల్స్ పెట్టకండి' అని ఒక్క గంట అడిగి చూడండి. జీతాల్లో కోతల మాటలు వినిపిస్తున్న రోజులివి, అడగడానికి భయమేస్తుంది, ఆ భయం ఉత్తది కాదు. అందుకే సెలవు అడగమనో, గంటలు తగ్గించుకోమనో నేను చెప్పను, ఆ లెక్క మీ ఇంటి ఈఎంఐ తెలిసిన మీరే వేసుకోవాలి. ఒక గంట జరపమనడం మాత్రం అంత ప్రమాదం కాదనుకుంటాను.

పిల్లల్ని తెనాలిలో మీ అమ్మగారింటికి పంపేస్తే ఎలా ఉంటుందని కూడా ఒక లైను రాసి వదిలేశారు. పంపడం తేలికైతే నేనూ ఆలోచించమనేదాన్ని. మార్చి చివర్లో హైదరాబాద్ నుంచి బయల్దేరినవాళ్ళు ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటలకు గంటలు రోడ్డు మీద నిలబడటం టీవీలో చూశాం, దాటినవాళ్ళను 14 రోజులు క్వారంటైన్ అన్నారు. పాసు అత్యవసరానికే. అంతా దాటి వెళ్ళినా అక్కడ ఉన్నది పెద్దవాళ్ళు, ఎవరి నుంచి ఎవరికి అంటుతుందో తెలియని టైము. పైగా మూడేళ్ళవాడికి అమ్మ వారమో నెలో చెప్పలేనన్ని రోజులు కనపడకపోవడం చిన్న సంగతి కాదు. ఇది పక్కన పెట్టండి.

ఇప్పుడు ఫోన్. ఐదు గంటలు ఎక్కువే, మీకు తెలుసు, నేను మళ్ళీ చెప్పి ఇంకో రాయి వెయ్యను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల గురించి సూచనలిచ్చింది. రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళు కూర్చుని తెర చూడటం రోజుకు గంట దాటకూడదు అన్న మాట అందరి నోళ్ళలోనూ నలిగింది. అదే కాగితంలో మూడు నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్ళు కదలాలి, అందులో ఒక గంటైనా ఆయాసం వచ్చేలా ఎగరాలి దూకాలి అని కూడా ఉంది, అది మాత్రం ఎవరూ గ్రూపుల్లో ఫార్వర్డ్ చెయ్యరు. మీ వాడికి నెల రోజులుగా లేనిది ఆ మూడు గంటలు. పార్కు లేదు, ప్లేస్కూలు లేదు, టెర్రస్ లేదు. ఫోన్ లాక్కుంటే తల కొట్టుకునేవాడికి ఆ ఫోన్ వదిలేసి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

ఒక్కసారిగా బంద్ చేస్తే మూడు నాలుగు రోజులు ఇల్లు రణరంగం. నెలాఖరులో ఆ పని పెట్టుకోకండి. జీతాల పని అయ్యాక మే మొదటి వారంలో మొదలుపెట్టండి. ఈలోపు ఒక చిన్న మార్పు చెయ్యండి, చూసేది ఫోన్‌లో కాకుండా టీవీలో పెట్టండి. ఫోన్‌లో ఒకటి అయిపోకముందే ఇంకొకటి వస్తుంది, దానికి అంతు లేదు, వాడు ఆపడానికి వీలే లేదు. టీవీలో ఒక ఎపిసోడు అయిపోతుంది, రిమోట్ మీ చేతిలో ఉంటుంది, చేతిలోంచి లాక్కునే యుద్ధం తప్పుతుంది. దీనివల్ల వచ్చే తగువులు రెండు: అక్కాతమ్ముళ్ళు ఏది చూడాలో కొట్టుకుంటారు, దూరదర్శన్‌లో మళ్ళీ వేస్తున్న పాత సీరియల్ టైముకు అత్తయ్యగారు రిమోట్ అడుగుతారు. రెండూ ఫర్వాలేదు, వాటికి పరిష్కారాలున్నాయి. ఆ గంట, గంటన్నరను మీకు తప్పని కాల్స్‌కు కట్టేసుకోండి, తప్పు చేస్తున్నానని మథనపడుతూ కాదు, ప్లాను ప్రకారం. తాతయ్యతో వీడియో కాల్‌ను ఈ లెక్కలో వెయ్యకండి, పిల్లల డాక్టర్లు కూడా దాన్ని వేరుగానే చూస్తారు.

వాడు తల కొట్టుకుంటే దిండు అడ్డం పెట్టి పక్కన కూర్చోండి, మాట్లాడకండి, ఫోన్ మాత్రం తిరిగి ఇవ్వకండి. నాలుగో ఏడుపుకు ఇస్తే నాలుగు ఏడుపులు ఏడవాలని నేర్చుకుంటాడు. పక్క తడపడం గురించి టెన్షన్ వద్దు, ఇంట్లో ఏదో మారిందని వాడి ఒంటికి తెలిసింది, తిట్టకుండా దుప్పటి మార్చేస్తే కొన్నాళ్ళకు పోతుంది. ఒంటేలుకు మంటగా ఉన్నా, జ్వరం ఉన్నా, మామూలు కంటే బాగా ఎక్కువ నీళ్ళు తాగుతున్నా మీ పిల్లల డాక్టరుకు ఫోన్ చెయ్యండి. మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల తర్వాత డాక్టర్లు ఫోన్‌లోనే చూసి మందులు రాస్తున్నారు, ఆసుపత్రికి వెళ్ళాలేమో అని భయపడి ఆగిపోకండి.

ఇక ఆటలు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టి పెరటివైపు గదిలో పడుకోబెట్టారు, స్కూలు లేదు, వీధి లేదు, పక్కింటి పిల్లలు గుమ్మం దాటి రారు. అదే నేను చూసిన మొదటి లాక్‌డౌన్. మా అమ్మమ్మ నన్ను ఆడించిందా అంటే ఆడించలేదు, ఆవిడకు అంత తీరికెక్కడిది. వేసవి ముంగిట్లో చింతపండు కొట్టే రోజులు. గది గుమ్మంలో కూర్చుని ఆవిడ పని ఆవిడ చేసుకుంటూ, వచ్చిన పిక్కల్ని ఒక్కొక్కటీ నా వైపు విసిరేది. నేను ఏరుకునేదాన్ని. వాటిని ఒకవైపు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదియ్యమంది. ఒక్కో పిక్కకు ఎంత సేపు పడుతుందో ఎప్పుడైనా చేసుంటే మీకు తెలుసు. అలా నాలుగు పిక్కలు తయారుచేసుకునేసరికి ఒక పూట గడిచిపోయింది.

మీ బాల్కనీలో ఐదు కేజీలుంది, అమ్మా. యాభై యాక్టివిటీలు ఆ బస్తాలోనే ఉన్నాయి, మీరేమో దాన్ని ఇంకో పని అనుకుంటున్నారు.

అది మీరు చెయ్యకండి. అత్తయ్యగారికి, పాపకు అప్పగించండి. పొద్దున పదకొండుకు హాల్లో పాత గోనెసంచి మడతపెట్టి వేసి, ఆవిడ కుర్చీలో, పాప నేల మీద. ఆవిడ కాయ విప్పి గింజ తీస్తారు, పాప ఈనెలు లాగుతుంది, గింజలు గిన్నెలో వేస్తుంది. అరగంటకు విసుగొస్తే వదిలేయనివ్వండి, మర్నాడు మళ్ళీ వస్తుంది. కడిగి ఆరబెట్టిన గింజలతో అష్టాచమ్మా ఆడుకోవచ్చు. గవ్వలు లేకపోయినా నాలుగు పిక్కలు ఒకవైపు అరగదీస్తే చాలు, నాలుగూ తెలుపు పడితే చమ్మా నాలుగు, నాలుగూ నలుపు పడితే అష్టా ఎనిమిది. ఐదు గళ్ళు అడ్డం ఐదు గళ్ళు నిలువు చాక్‌పీసుతో గీసుకోవడమే. అరగదియ్యడానికి టైల్స్ పనికిరావు, బాల్కనీ పిట్టగోడ మీద సిమెంటు గరుగ్గా ఉంటుంది గానీ పాపను గోడ దగ్గర వదలొద్దు, సన్నికల్లు ఉంటే అది హాల్లో పెట్టండి. వామనగుంటలకు చెక్క కొనక్కర్లేదు, గుడ్ల అట్ట ట్రే ఉంటుంది కదా, 30 గుడ్లది, ఆరేసి గుంటలున్న వరసలు రెండు కత్తిరించి ఒక్కో వరస చివర చిన్న గిన్నె పెడితే ఏడూ ఏడూ పద్నాలుగు. గింజలు పంచుకుంటూ పోవడంలో స్కూలువాళ్ళు వర్క్‌షీట్లో అడిగే లెక్కలన్నీ ఉన్నాయి. ఆ వర్క్‌షీట్లు అన్నీ చెయ్యకపోయినా కొంప మునగదు, ఒకటో క్లాసుకు వెళ్ళడానికి మీ పాపను ఎవరూ పరీక్ష పెట్టి ఆపరు.

మూడేళ్ళవాడిని మాత్రం ఈ గింజలకు దూరంగా ఉంచండి. ఆ వయసు పిల్లలు పిక్క ముక్కులోనో చెవిలోనో దోపుకున్నారంటే ఈ రోజుల్లో పరిగెత్తడానికి ఆసుపత్రి కూడా తేలికగా దొరకదు. మా ఇంట్లో ఒక శనగగింజ పని అయింది, ఆ రాత్రి ఇప్పటికీ నాకు గుర్తే. వాడికి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చి ఈ బుట్టలోంచి ఆ బుట్టలోకి మార్చమనండి, చేసిందే మళ్ళీ చేస్తాడు. ఉతికిన బట్టల్లోంచి సాక్సులు ఏరి జతలు పెట్టమనండి, తప్పు పెడతాడు, పెట్టనివ్వండి.

నీళ్ళంత ఆట ఇంకొకటి లేదు. బాత్రూములో ఒక టబ్బులో జానెడు నీళ్ళు, ఒక చెంబు, ఒక జల్లెడ, పాత ఇడ్లీ ప్లేటు. జల్లెడలో నీళ్ళు ఎందుకు నిలవట్లేదో వాడికి అర్థం కాదు, చెంబుతో పోస్తాడు, పోతాయి, కిందికి తొంగిచూస్తాడు, మళ్ళీ పోస్తాడు. ఎండలు నలభైకి చేరాయి, జలుబు చేస్తుందని భయం అక్కర్లేదు. కానీ ఎవరో ఒకరు ఆ గుమ్మంలోనే కూర్చోవాలి, ఫోన్ వస్తే లేచి వెళ్ళకూడదు, అయిపోగానే టబ్బు బోర్లించాలి. బకెట్ నీళ్ళు పసివాళ్ళకు ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు. ఈ డ్యూటీ వాళ్ళ నాన్నకు ఇవ్వండి. సాయంత్రం కాల్స్ మొదలయ్యే ముందు నలభై నిమిషాలు. చెప్పడం మర్చిపోయాను, శానిటైజరు సీసా, ఫినాయిలు పైన అటక మీదికి పోవాలి, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ ఉంటే లోపలికి తెచ్చెయ్యండి, ఎక్కుతాడు.

ఒళ్ళు కదిలే ఆటకు పరుపు కింద వేసెయ్యండి. పొద్దున తొమ్మిది నుంచి పది దాకా గెంతులే. కింది ఫ్లాటువాళ్ళ నుంచి నాలుగోసారి ఇంటర్‌కామ్ వచ్చేలోపు మీరే ముందు చెయ్యండి. 'ఈ గంట గోల ఉంటుంది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మా ఇంట్లో అడుగుల చప్పుడు కూడా రాదు, మీకు వేరే టైము ఇబ్బందైతే చెప్పండి' అనండి. గోల ఎప్పుడు ఆగుతుందో తెలిస్తే మనుషులు చాలావరకు ఓర్చుకుంటారు. ఓర్చుకోకపోతే కనీసం మీకు తెలుస్తుంది, అప్పుడు టైము మార్చొచ్చు. టెర్రస్ తాళం గురించి అసోసియేషన్‌ను 'తియ్యండి' అని అడిగితే తియ్యరు. 'పొద్దున ఆరున్నర నుంచి ఏడు వరకు మా ఒక్క కుటుంబం, తర్వాత అరగంట ఇంకొకరు, వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో రాసి వెళ్తాం' అని కాగితం పెడితే ఆలోచిస్తారు. మీ ఏరియా కంటైన్‌మెంట్ జోన్ అయితే మాత్రం ఆ మాటే ఎత్తకండి.

అత్తయ్యగారి విషయంలో ఒక హద్దు. ఆవిడ గుమ్మడిపండు ఆట ఆడించగలరు, కథలు చెప్పగలరు, పాపకు చుక్కల ముగ్గు నేర్పగలరు. పరిగెత్తే చిన్నోడిని పట్టుకోలేరు, పట్టుకోబోయి పడితే ఈ టైములో ఎముక విరగడం అంటే ఎంత పనో. వాడితో ఆవిడను గంట ఒంటరిగా వదలకండి. ఎంతసేపు చూడగలరో ఆవిడనే అడగండి, మీరు ఊహించుకోకండి. ఆవిడ కూడా ఇల్లు వదిలి, మొక్కలకు నీళ్ళెవరు పోస్తున్నారో తెలియక నెల రోజులుగా ఇక్కడ ఉన్నారు. చేతికి ఒక పని దొరికితే సంతోషించొచ్చు, లేదా 'నన్ను పనిమనిషిని చేశారు' అనుకోవచ్చు, ఆవిడ ఎలాంటివారో మీకే తెలుసు. చింతపండు ఆవిడ తెచ్చిందే కాబట్టి మొదటిదే జరుగుతుందని నా అంచనా.

క్రాఫ్టు ఫొటోల గ్రూపును మ్యూట్ చెయ్యండి. అంతే.

పిల్లలు 'బోర్' అంటే మీరు లేవక్కర్లేదు. 'అవునా' అని ఊరుకోండి. మొదట్లో గొణుగుతారు, తర్వాత డైనింగ్ టేబుల్ కింద చీర వేలాడదీసుకుని ఏదో మొదలుపెడతారు. రోజులో ఒక్క అరగంట మాత్రం ఫోన్ ఇంకో గదిలో పెట్టి, ఏమీ నేర్పకుండా, వాళ్ళు ఏది ఆడమంటే అది ఆడండి. అదీ రోజూ ఒకే టైముకు. టిఫిన్ తర్వాత అమ్మ వస్తుంది అని తెలిస్తే మిగతా టైములో చెయ్యి లాగడం తగ్గుతుంది. పూర్తిగా పోదు, తగ్గుతుంది.

పాప విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే మీకు నిద్ర పట్టనిది అక్కడే.

కొట్టారు. దాన్ని ఒత్తిడి అని తీసిపారేయను, దానికే మీరు చెడ్డతల్లి అయిపోయారనీ అనను. పాప ఏడవకుండా సారీ చెప్పింది చూడండి, మీరు భయపడాల్సింది దానికి. అమ్మ పని చెడకుండా చూడటం తన బాధ్యత అనుకుంటోంది. తమ్ముడి నోరు మూసింది అందుకే, వాడి మీద కోపంతో కాదు. ఒకసారి కూర్చోబెట్టుకుని చెప్పండి, "ఆ రోజు నేను కొట్టడం తప్పు, నువ్వు చేసింది తప్పు కాదు. తమ్ముడు అరిస్తే నేనో నాన్నో చూసుకుంటాం, అది నీ పని కాదు. వాడి నోరు ఎప్పుడూ మూయకు, ఊపిరి ఆడదు." ఇంతే, పెద్ద లెక్చరు వద్దు. తర్వాత 'పెద్దదానివి కదా, తమ్ముణ్ణి చూసుకో' అనే మాట కొన్నాళ్ళు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, నానమ్మ నోటా రాకూడదు. మళ్ళీ చెయ్యి లేస్తోందనిపిస్తే బాత్రూములోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకోండి, రెండు నిమిషాలు ఏడ్చుకోనివ్వండి వాళ్ళని. చెయ్యి ఆగట్లేదు, ఏడుపు ఆగట్లేదు అనిపిస్తే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళ హెల్ప్‌లైన్ ఉంది, 080-46110007, అలాంటి ఫోన్లకే పెట్టారు.

నానమ్మ ప్రశ్నకు మీరు ఏం చెప్పారో రాయలేదు. 'ఛీ, అలా అనకూడదు' అని ఉంటారు, నేనైనా అంతే అనేదాన్ని ఆ అర్ధరాత్రి. కానీ ఆ మాట నోట్లోంచి రానివ్వకపోతే అది లోపలే తిరుగుతుంది. నిజం చెప్పొచ్చు: "పెద్దవాళ్ళకు వస్తే ఎక్కువ కష్టం అవుతుంది. అందుకే నానమ్మ బయటికి వెళ్ళట్లేదు, కూరగాయలకు నాన్న ఒక్కడే వెళ్ళి వస్తున్నాడు, రాగానే చేతులు కడుక్కుంటున్నాం. ఇప్పుడు నానమ్మ బానే ఉంది." 'ఏమీ కాదు' అని ఒట్టు వెయ్యకండి, మన చేతిలో లేనిది. చేతులు కడిగించే పెత్తనం పాపకు ఇస్తే ఇష్టంగా చేస్తుంది, కానీ అదీ భారం అయిపోతోందనిపిస్తే తీసెయ్యండి.

మీ వారితో గది సంగతి మాట్లాడటం కాల్స్ మధ్యలో పెట్టుకోకండి, పిల్లల ముందూ వద్దు. జీతాల పని అయిన రాత్రి, ఇద్దరూ తిన్నాక. 'నువ్వు సాయం చెయ్యట్లేదు' అని మొదలుపెడితే ఆయన చేసినవన్నీ లెక్క చెప్తారు, రాత్రి అయిపోతుంది. 'ఈ గదికి టైమ్‌టేబుల్ వేసుకుందాం' అని కాగితం ముందు పెట్టండి. అవసరమనుకుంటే ఇది చూపించండి, నాకు అభ్యంతరం లేదు.

ఇంకొక్కటి. పిక్కను గట్టిగా అరగదీస్తే వేడెక్కుతుంది, అప్పుడే తీసి ఒంటికి ఆనిస్తే చురుక్కుమంటుంది. పాపకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే తీసుకెళ్ళి తమ్ముడి చేతికి అంటిస్తుంది. ఒళ్ళు తగ్గి గదిలోంచి బయటికొచ్చిన రోజున నేను మా చెల్లికి చేసిన మొదటి పని అదే.